ఒకే ఎస్ఎస్‌డీ, మూడు సైజులు: టెర్మినల్‌లో స్టోరేజ్ లెక్కలు ఎందుకు కలవవు?

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 512 జీబీ ఎస్ఎస్‌డీ. లైనక్స్ టెర్మినల్ ఓపెన్ చేసి దాని సైజు ఎంతో మూడు టూల్స్‌ని అడిగాను. పార్టెడ్ 512 జీబీ అంది. ఎల్ఎస్‌బీఎల్‌కే 476.9జీ అంది. ఎఫ్‌డిస్క్ 476.94 జీఐబీ అని చెప్పి, పక్కనే 512110190592 బైట్లు అని కూడా రాసింది. ఇక అందులో ఎంత వాడానో చూద్దామని డీఎఫ్ కొడితే ఒక అంకె, డీయూతో ఫోల్డర్లన్నీ కూడిస్తే ఇంకో అంకె. డిస్క్ ఒక్కటే, మధ్యలో నేను ఒక్క ఫైల్ కూడా ముట్టుకోలేదు.

కమాండ్ లైన్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి ఇక్కడ రెండే అనుమానాలు వస్తాయి. ఎస్ఎస్‌డీ అమ్మినవాడు తక్కువ ఇచ్చాడు, లేదా ఏదో టూల్‌లో బగ్ ఉంది. నిజానికి డిస్క్‌లో బైట్లు సరిగ్గానే ఉన్నాయి, పై టూల్స్ అన్నీ సరిగ్గానే లెక్కపెట్టాయి. తేడాలు మాత్రం రెండు రకాలు. మొదటిది యూనిట్ తేడా: ఒకే కొలతని ఒకరు ఒక స్కేలుతో, ఇంకొకరు ఇంకో స్కేలుతో చెప్పడం. ఇది టూల్స్ రాసేవాళ్లు ఎప్పుడో సరిచేసుకోవాల్సిన పాత అలవాటు. రెండోది ప్రశ్న తేడా: రెండు టూల్స్ అసలు రెండు వేరే సంగతులు కొలవడం. దీన్ని సరిచేయకూడదు, ఎందుకంటే డిస్క్‌లో ఏం జరుగుతోందో మనకి తెలిసేది ఆ తేడా వల్లే. మొదటి రకం తేడా వల్ల ఒక్కోసారి డేటా మొత్తం పోయే ప్రమాదం కూడా ఉంది. అది ఎలాగో కింద అంకెలతో చూపిస్తాను.

1000 గోల, 1024 గోల

గిగా అంటే 100 కోట్లు. డిస్కులు, ఎస్ఎస్‌డీలు, మెమరీ కార్డులు తయారుచేసేవాళ్లు ఈ లెక్కే వాడతారు. కానీ కంప్యూటర్ మెమరీ రెండు ఘాతాల్లో పెరుగుతుంది కాబట్టి ప్రోగ్రామర్లు మొదట్నుంచీ 1024 బైట్లని కిలోబైట్ అని పిలిచేశారు. కిలో దగ్గర తేడా 2.4 శాతమే, ఎవరూ పట్టించుకోలేదు. మెగా దగ్గరకొచ్చేసరికి అది దాదాపు 4.9 శాతం అయింది, గిగా దగ్గర 7.4, టెరా దగ్గర దాదాపు 10 శాతం. డిస్కులు పెద్దవయ్యేకొద్దీ చిన్న అబద్ధం పెద్దదైపోయింది. అమెరికాలో కొందరు వినియోగదారులు దీని మీద కోర్టుకే వెళ్లారు. 2006లో వెస్టర్న్ డిజిటల్, 2007లో సీగేట్ రాజీ చేసుకున్నాయి.

ఈ గందరగోళం తీర్చడానికి 1998లోనే ఐఈసీ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కొత్త పేర్లు పెట్టింది. 1024 లెక్కలో చెప్పాలంటే కిబీబైట్, మెబీబైట్, గిబీబైట్ అనాలి, పొట్టిగా రాస్తే మధ్యలో ఒక 'ఐ' చేరుతుంది. అలా జీబీ అంటే 1,00,00,00,000 బైట్లు, జీఐబీ అంటే 1,07,37,41,824 బైట్లు. నా ఎస్ఎస్‌డీలోని 512 జీబీ, 476.94 జీఐబీ రెండూ ఒకటే అని ఇప్పుడు మీకు అర్థమైపోయి ఉంటుంది. 512110190592ని ఈ రెండింటితో వేర్వేరుగా భాగించి చూడండి.

పేర్లు వచ్చాయి గానీ అందరూ వాడలేదు. విండోస్ ఇప్పటికీ 1024 లెక్క వేసి పక్కన జీబీ అని రాస్తుంది, అందుకే అక్కడ ఇదే డిస్క్ 476 జీబీగా కనిపిస్తుంది. యాపిల్ 2009లో స్నో లెపర్డ్‌తో 1000 లెక్కకి మారిపోయింది. (ఫ్లాపీ డిస్క్ అంటే మీలో చాలామందికి సేవ్ ఐకాన్‌గానే తెలుసు. దాని మీద ఉండే 1.44 ఎంబీ ఇంకా విచిత్రం. అందులో మెగా అంటే 1000ని 1024తో గుణించగా వచ్చింది. రెండు లెక్కలూ కలిపి కొట్టారన్నమాట.)

టెర్మినల్‌లో అసలు తలనొప్పి

గ్రాఫికల్ యాప్‌లో కనీసం జీబీ అనో, జీఐబీ అనో ఉంటుంది. టెర్మినల్ టూల్స్‌లో చాలావరకు ఒక్క 'జీ' అక్షరంతో సరిపెడతాయి. అది ఏ జీ అనేది మాన్యువల్ పేజీ చదివినవాడికే తెలుస్తుంది.

ఒక చిన్న మాట: ఆప్షన్లలో క్యాపిటల్ అక్షరమా కాదా అన్నది ముఖ్యం కాబట్టి ఇక్కడ చిన్న హెచ్, పెద్ద హెచ్ అని రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ముందు మైనస్ గుర్తు మామూలే.

డీఎఫ్ అంటే డిస్క్ ఫ్రీ. దానికి చిన్న హెచ్ ఇస్తే 1024 లెక్కలో, పెద్ద హెచ్ ఇస్తే 1000 లెక్కలో చూపిస్తుంది. బాగుంది, గుర్తుపెట్టుకోవచ్చు. ఇప్పుడు డీయూ, అంటే డిస్క్ యూసేజ్, దగ్గరకి రండి. ఇదీ గ్నూ కోర్‌యుటిల్స్ ప్యాకేజీలోదే, డీఎఫ్‌కి తోబుట్టువు లాంటిది. చిన్న హెచ్ అర్థం అక్కడా ఇక్కడా ఒకటే. పెద్ద హెచ్‌కి మాత్రం డీయూలో యూనిట్లతో సంబంధమే లేదు. కమాండ్‌లో ఇచ్చిన సింబాలిక్ లింక్ ఎక్కడికి చూపిస్తే అక్కడికి వెళ్లమని దాని అర్థం. 1000 లెక్క కావాలంటే డీయూకి రెండు మైనస్‌ల తర్వాత ఎస్ఐ అని రాయాలి. ఒకే ఇంట్లో ఇద్దరు, ఒకే అక్షరానికి రెండు అర్థాలు. డీఎఫ్‌తో పెద్ద హెచ్ అలవాటైన చెయ్యి డీయూ దగ్గర కూడా అదే కొడుతుంది. ఎర్రర్ రాదు, ఏ తేడా కనిపించకుండా 1024 బైట్ల బ్లాకుల్లో అంకెలు వచ్చేస్తాయి.

హెచ్ లేకుండా కొడితే ఇంకో కథ. పాజిక్స్ ప్రమాణం ప్రకారం ఈ రెండు కమాండ్లూ మామూలుగా 512 బైట్ల బ్లాకుల్లో లెక్క చెప్పాలి. గ్నూ వాళ్లకి అది నచ్చక 1024 పెట్టుకున్నారు. మ్యాక్‌లో డీఎఫ్ కొడితే 512 బ్లాకులే వస్తాయి. మ్యాక్ నుంచి లైనక్స్‌కి ఒక స్క్రిప్ట్ యథాతథంగా కాపీ చేస్తే అంకెలు సరిగ్గా సగమవుతాయి. డిస్క్ ఖాళీ అయిందని సంబరపడకండి.

ఎల్‌వీఎం వాడేవాళ్లకి ఇంకో విందు. వీజీఎస్ లాంటి రిపోర్ట్ కమాండ్లకి యూనిట్స్ ఆప్షన్‌లో చిన్న జీ ఇస్తే 1024 లెక్క, పెద్ద జీ ఇస్తే 1000 లెక్క. తార్కికంగానే ఉంది కదా? అదే ఎల్‌వీఎంలో ఎల్‌వీక్రియేట్‌కి సైజు ఇచ్చేటప్పుడు మాత్రం చిన్న జీ ఇచ్చినా పెద్ద జీ ఇచ్చినా రెండూ 1024 లెక్కే. అంటే పెద్ద జీతో రిపోర్ట్ తీసి, అందులో కనిపించిన అంకెనే పెద్ద జీతో తిరిగి ఇచ్చినా సైజు మారిపోతుంది. ఎల్‌వీఎం చేసిన ఒక మంచి పని కూడా చెప్పాలి. అంకె రౌండ్ అయితే ముందు 'కంటే తక్కువ' గుర్తు పెడుతుంది, అసలు విలువ కాస్త తక్కువే అని హెచ్చరిస్తూ. డీఎఫ్ ఆ మర్యాద కూడా పాటించదు. చిన్న హెచ్ ఇస్తే ఎప్పుడూ పైకే రౌండ్ చేస్తుంది, 10.1 ఉంటే 11 అని రాసేస్తుంది.

ఇది ఎక్కడ కొంప ముంచుతుంది?

ఇప్పటిదాకా చెప్పినవి చిరాకు పెట్టే విషయాలు. ఇప్పుడు చెప్పేది భయపడాల్సిన విషయం. డ్యుయల్ బూట్ పెట్టుకునే ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా చేసే పని ఇది: ఉన్న లైనక్స్ పార్టిషన్‌ని తగ్గించి, మిగిలిన చోట ఇంకో ఓఎస్ పెట్టుకోవడం.

ఎక్స్‌ట్4 అయితే ఇందులో రెండు స్టెప్పులు ఉంటాయి. ముందు పార్టిషన్ లోపలున్న ఫైల్ సిస్టమ్‌ని రీసైజ్2ఎఫ్ఎస్‌తో తగ్గించాలి. ఆ తర్వాత పార్టెడ్‌తో పార్టిషన్ గోడని ఇవతలికి జరపాలి. లోపలి ఫైల్ సిస్టమ్ ఎప్పుడూ గోడ దాటి బయటికి ఉండకూడదు. మీరు 100 అనుకున్నారు. రీసైజ్2ఎఫ్ఎస్‌కి 100జీ ఇచ్చారు, అది 1024 లెక్క వేసి 107374182400 బైట్లు తీసుకుంది. తర్వాత పార్టెడ్‌కి వెళ్లి 100జీబీ అన్నారు. పార్టెడ్‌లో జీబీ అంటే నిజమైన జీబీ, 1000 లెక్క. కాబట్టి గోడ 100000000000 బైట్ల దగ్గర పడింది. ఫైల్ సిస్టమ్ తోకలో 7.37 జీబీ గోడ అవతల ఉండిపోయింది.

అంతటితో అయిపోలేదు. పార్టెడ్‌లో రీసైజ్‌పార్ట్ అడిగేది పార్టిషన్ సైజు కాదు, డిస్క్ మొదలు నుంచి పార్టిషన్ ఎక్కడ ముగియాలో ఆ స్థానం. మీ లైనక్స్ పార్టిషన్ డిస్క్ మొదట్లో కాకుండా, ఒక 50 జీబీ తర్వాత మొదలైతే, 100 అన్న మాటకి దానికి మిగిలేది 50 మాత్రమే.

పార్టెడ్ హెచ్చరించదా అంటే, హెచ్చరిస్తుంది. తగ్గిస్తే డేటా పోవచ్చు, కొనసాగించాలా అని అడుగుతుంది. కానీ ఆ ప్రశ్న పార్టిషన్ తగ్గించే ప్రతిసారీ అడుగుతుంది, లెక్క సరిగ్గా ఉన్నా, తప్పున్నా. అన్నిసార్లూ మోగే అలారం ఎవరు వింటారు? ఎస్ కొట్టేస్తాం.

దీని తర్వాత ఆ పార్టిషన్ మౌంట్ కాదు. ఫైల్ సిస్టమ్ చెప్పుకునే సైజు డివైస్ సైజు కంటే పెద్దదిగా ఉందని కెర్నల్ తిరస్కరిస్తుంది. ఇలాంటి పరిస్థితి ఎవరికైనా ఎదురైతే కంగారుపడి రిపేర్ టూల్స్ నడపొద్దు. పార్టెడ్ మార్చింది పార్టిషన్ టేబుల్‌ని మాత్రమే, డేటా ఉన్నచోటే ఉంది. గోడని మళ్లీ పాత చోటుకి జరిపితే అంతా తిరిగి వస్తుంది, ఆ ఖాళీ చోట ఇంకేదీ రాయనంత వరకు. చిక్కంతా అక్కడే, ఎందుకంటే మనం తగ్గించిందే ఆ చోట ఇంకో ఓఎస్ వేసుకోవడానికి. ఇన్‌స్టాలర్ అక్కడ ఫార్మాట్ కొట్టిందంటే ఆ 7 జీబీలో ఉన్నది ఫోటోలో, ప్రాజెక్టో, ఏదైతే అది పోయినట్టే.

దీనికి పెద్ద విద్య ఏమీ అక్కర్లేదు. ఫైల్ సిస్టమ్‌ని మీకు కావాల్సినదానికంటే బాగా చిన్నది చేయండి, 100 కావాలంటే 85 ఇవ్వండి. తర్వాత గోడని పార్టెడ్‌లో జీఐబీ అని స్పష్టంగా రాసి జరపండి, మొదలు స్థానాన్ని కూడుకోవడం మర్చిపోవద్దు. చివర్లో రీసైజ్2ఎఫ్ఎస్‌ని ఏ అంకే ఇవ్వకుండా ఇంకోసారి నడపండి. గోడ ఎక్కడుందో అదే చూసుకుని అక్కడిదాకా పెరుగుతుంది. మనం లెక్క వేయాల్సిన పనే ఉండదు. బ్యాకప్ సంగతి మీకు తెలిసిందే.

డీఎఫ్ ఒకటంటే డీయూ ఇంకోటి ఎందుకు?

ఇక రెండో రకం తేడా. ఇక్కడ టూల్స్ మీద కోపం వద్దు.

డీఎఫ్ వెళ్లి ఫైల్ సిస్టమ్‌నే అడుగుతుంది, నీ దగ్గర మొత్తం ఎన్ని బ్లాకులు, ఎన్ని ఖాళీ అని. అందుకే ఎంత పెద్ద డిస్క్ అయినా క్షణంలో జవాబు వస్తుంది. డీయూ మాత్రం ఫోల్డర్లలోకి దిగి, కనిపించిన ప్రతి ఫైల్‌నీ పలకరించి, నువ్వు ఎన్ని బ్లాకులు తిన్నావు అని కూడుకుంటూ వస్తుంది. ఒకటి బ్యాంకు పాస్‌బుక్ చూడటం, ఇంకోటి ఇంట్లో బిల్లులన్నీ వెతికి కూడటం లాంటివి. రెండూ కలవకపోతే ఏదో ఒక ఖర్చుకి బిల్లు లేదని అర్థం.

అలా బిల్లు లేని ఖర్చుల్లో అన్నిటికంటే ఎక్కువమందిని ఏడిపించేది, డిలీట్ చేసినా ఓపెన్‌లోనే ఉన్న ఫైల్. ఒక సర్వర్ ప్రోగ్రామ్ లాగ్ ఫైల్ రాస్తూ 40 జీబీ చేసిందనుకోండి. మీరు ఆర్ఎం కొట్టి దాన్ని తీసేశారు. ఎల్ఎస్‌లో కనిపించదు, డీయూ లెక్కలోనూ ఉండదు. డీఎఫ్ మాత్రం ఇంకా డిస్క్ ఫుల్ అంటుంది. యూనిక్స్ పద్ధతిలో ఆర్ఎం తీసేది పేరుని మాత్రమే. ఏదో ఒక ప్రాసెస్ ఆ ఫైల్‌ని తెరిచి పెట్టుకున్నంత కాలం లోపలి డేటా కదలదు. ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌కి ప్లస్ గుర్తుతో పెద్ద ఎల్, దాని వెంటే 1 ఇస్తే ఇలా పేరు పోయి ప్రాణం మిగిలిన ఫైళ్ల జాబితా, వాటిని పట్టుకున్న ప్రాసెస్ పేరుతో సహా వస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ని రీస్టార్ట్ చేస్తే చాలు, 40 జీబీ తిరిగొస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక డిస్క్ పెంచుకోవడానికి డబ్బు కట్టేవాళ్లు ఉన్నారు, ముఖ్యంగా క్లౌడ్‌లో. చూశారా, డీఎఫ్, డీయూ రెండూ ఒకే అంకె చెప్పేలా ఎవరైనా "సరిచేసి" ఉంటే ఈ దొంగ ఎప్పటికీ దొరికేవాడు కాదు.

రెండో బిల్లు లేని ఖర్చు డీఎఫ్‌లోపలే ఉంటుంది. వాడినది, ఖాళీగా ఉన్నది కూడితే మొత్తం రాదు. ఎక్స్‌ట్4 తయారయ్యేటప్పుడు మామూలుగా 5 శాతం బ్లాకులు రూట్ కోసం దాచిపెడుతుంది, డిస్క్ నిండినా సిస్టమ్ పూర్తిగా చతికిలబడకుండా. చిన్న డిస్కుల కాలంలో 5 శాతం పెద్ద లెక్క కాదు, 476 జీఐబీలో మాత్రం అది దాదాపు 24 జీఐబీ. ఓఎస్ ఉన్న పార్టిషన్‌కి అది ఉండనివ్వండి. సినిమాలు, ఫోటోలు దాచుకునే వేరే డిస్క్ అయితే ట్యూన్2ఎఫ్ఎస్ చిన్న ఎం ఆప్షన్‌తో 1 చేసుకోవచ్చు.

ఇంకో సరదా ప్రయోగం మీరే చేయొచ్చు. ట్రంకేట్ కమాండ్‌తో 10జీ సైజు ఫైల్ ఒకటి సృష్టించండి. ఎల్ఎస్ 10జీ అంటుంది, డీయూ సున్నా అంటుంది. ఫైల్ పొడవు 10 అని రాసి ఉంది గానీ లోపల ఏమీ రాయలేదు కాబట్టి డిస్క్ మీద చోటు తీసుకోలేదు. వర్చువల్ మెషిన్ల డిస్క్ ఫైళ్లు చాలావరకు ఇలాంటివే. రివర్స్‌లో, ఒక్క అక్షరం ఉన్న టెక్స్ట్ ఫైల్‌కి డీయూ 4కే అంటుంది, ఎందుకంటే బ్లాక్ సైజు 4096 బైట్లు.

బీటీఆర్ఎఫ్ఎస్, జెడ్ఎఫ్ఎస్ దగ్గర ప్రశ్నలు ఇంకా పెరుగుతాయి. ఫెడోరా వర్క్‌స్టేషన్ 33 నుంచి డిఫాల్ట్ బీటీఆర్ఎఫ్ఎస్సే కాబట్టి మీలో కొందరు తెలియకుండానే వాడుతున్నారు. స్నాప్‌షాట్ తీస్తే డేటా ఒకటే అయినా రెండు చోట్ల కనిపిస్తుంది, మామూలు డీయూ రెండుసార్లూ కూడేస్తుంది. బీటీఆర్ఎఫ్ఎస్‌కి సొంత డీయూ ఉంది, ఇందులో ఎంత ఈ ఫోల్డర్‌ది మాత్రమే, ఎంత పంచుకున్నది అని విడదీసి చెప్పేది అదే. జెడ్ఎఫ్ఎస్‌లో మూడు 1 టీబీ డిస్కులతో రైడ్-జెడ్ పెడితే జెడ్‌పూల్ లిస్ట్ దాదాపు 2.7 టీ చూపిస్తుంది, జెడ్ఎఫ్ఎస్ లిస్ట్ దాదాపు 1.8 టీ చూపిస్తుంది. మొదటిది ప్యారిటీతో కలిపి డిస్కుల మొత్తం, రెండోది మీరు ఫైళ్లు పెట్టుకోగలిగే చోటు.

మన ఫోన్లలో సంగతి

ఆండ్రాయిడ్ కూడా లైనక్సే కాబట్టి ఇదంతా ఫోన్‌లోనూ ఉంటుంది. ఆండ్రాయిడ్ 7 వరకు సైజులు 1024 లెక్కలో చూపించేవారు, 8 నుంచి 1000 లెక్కకి మార్చారు. 128 జీబీ ఫోన్‌ని ఏడీబీ షెల్‌లో డీఎఫ్ చిన్న హెచ్‌తో చూస్తే డేటా పార్టిషన్ 119జీ కంటే తక్కువే కనిపిస్తుంది. 128 జీబీ అంటే 119.2 జీఐబీ, అందులోంచి ఓఎస్ పార్టిషన్లు పోతాయి. సెట్టింగ్స్ యాప్ మాత్రం మొత్తాన్ని పైకి రౌండ్ చేసి గుండ్రంగా 128 అని చూపించి, లెక్కకి దొరకని తేడాని "సిస్టమ్" ఖాతాలో వేస్తుంది. సిస్టమ్ 20 జీబీ తినేసిందని ఫోన్ కంపెనీని తిట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. తిట్టడానికి ప్రీ-ఇన్‌స్టాల్డ్ యాప్స్ ఎలాగూ ఉన్నాయి.

నేనైతే ఏం చేస్తానంటే

టూల్స్‌కి మార్కులు వేయమంటే నేను ఎఫ్‌డిస్క్‌కే ఎక్కువ వేస్తాను. ఒక్క లైన్‌లో జీఐబీ అని పూర్తిగా రాసి, పక్కనే బైట్లు, ఆ పక్కనే సెక్టార్లు ఇస్తుంది. మోసపోవడానికి చోటే లేదు. బీటీఆర్ఎఫ్ఎస్ టూల్స్ కూడా జీఐబీ అని స్పష్టంగానే రాస్తాయి. ఉత్త 'జీ' రాసే ఎల్ఎస్‌బీఎల్‌కే, డీఎఫ్, జెడ్ఎఫ్ఎస్ అన్నీ ఇంకో రెండక్షరాలు రాస్తే పోయేదేముంది? పోయేది పాత స్క్రిప్టులు, అవి విరిగిపోతాయని భయం. ఆ భయం న్యాయమైనదే, అందుకే ఇది తొందరగా మారుతుందని నేను ఆశపడటం లేదు.

అందాకా, రెండు టూల్స్ అంకెలు పోల్చాల్సి వచ్చినా, ఒక టూల్ ఇచ్చిన అంకె ఇంకోదానికి ఇవ్వాల్సి వచ్చినా బైట్లలోనే పని చేయండి. అందులోనూ ఒక్కో టూల్‌ది ఒక్కో భాష. ఎల్ఎస్‌బీఎల్‌కే, బీటీఆర్ఎఫ్ఎస్ రెండింటికీ చిన్న బీ ఆప్షన్. జెడ్ఎఫ్ఎస్, జెడ్‌పూల్ లిస్ట్‌లకి చిన్న పీ. ఎల్‌వీఎంకి యూనిట్స్ ఆప్షన్‌లో చిన్న బీ. పార్టెడ్ లోపలికి వెళ్లాక యూనిట్ అని రాసి పెద్ద బీ. డీఎఫ్‌కి పెద్ద బీ, దాని పక్కన 1. డీయూకి కూడా పెద్ద బీ 1 ఇవ్వండి, చిన్న బీ వద్దు. డీయూలో చిన్న బీ కూడా బైట్లే ఇస్తుంది గానీ, ఫైల్ డిస్క్ మీద తీసుకున్న చోటుకి బదులు ఫైల్ పొడవుని లెక్కపెడుతుంది. ఇందాక ట్రంకేట్‌తో చేసిన ఆ ఖాళీ ఫైల్ మీద రెండూ కొట్టి చూడండి: పెద్ద బీ 1తో సున్నా వస్తుంది, చిన్న బీతో 10737418240.